వాసన పట్టిన చాపత్త

ఇచ్చోడ
2 జులై 2024

మంజులకు,

నువ్వు, నాకు తమ్ముని లెక్క నీ పెనిమిటి అంబదాస్, బిడ్డ ప్రవళిక మంచిగున్నరని అనుకుంటున్న. ఇక్కడ నేను ఉన్న.

ఫోన్ చెయ్యక జాబు రాసుడేందని నవ్వకు. ఫోన్ల మీ అక్క బాలలక్ష్మి పేరెత్తంగనే నాకు ఏడుపు ఆగదు. సంవత్సరీకం నాడు అందరి ముందట ఎట్లయిందో నువ్వు చూసినవు గదా. ఇంకోటి, ఈ జాబుతోని ఒక పొట్లం పంపుతున్న. అందుల ఉన్నదాని గురించి ఫోన్ల చెప్తె నాకు మతి పోయిందనుకుంటవు.

అది చాపత్త. పాలల్ల మరిగించే పొడి గాదు. నా పిచ్చి నీకెరుకే. దుకాణానికి చీరెలు తేనీకి కలకత్త పోయినప్పుడల్ల టిరెట్టా బజార్ల ఒక ముసలి చైనా ఆయన దగ్గర పాత చాపత్త కొనుక్కొచ్చేటోన్ని. చైనాల యున్నాన్ అనే జాగల ముదురు చెట్ల ఆకు తెంపి, ఆవిరి పట్టి, పిడక లెక్క గుండ్రంగ అదిమి ఆరబెడ్తరు. దాన్ని ఏండ్లకేండ్లు దాచిపెడ్తె చేదు చచ్చిపోయి, వాన పడ్డ అడవి లెక్క ఒక రుచి వస్తది. మా పెండ్లయిన మరుసటేడు తెచ్చిన బిళ్ళను పలగ్గొట్టి, కుమ్మరాయనతోని చేయించిన నల్ల కుండల పోసి వెనుక అర్రల పెట్టిన. అప్పటిసంది అక్కడనే ఉన్నది.

గా అర్రలనే మీ అక్క శుక్రవారం శుక్రవారం కుంకుడుకాయతోని తలంటుకొని, కుంపట్ల సాంబ్రాణి ఏసి, పైన గంప బోర్లించి, దానిమీద జుట్టు పరిచి ఆరబెట్టుకునేది. "ముసలి చాపత్తకు ముక్కుంటదే, పక్కన ఏదుంటె దాని వాసన పట్టుకుంటది, జర బయట ఆరబెట్టుకోరాదా" అని నేను మొత్తుకునేటోన్ని. "నీ ఆకుల కోసం నేను వాకిట్ల నిలవడాల్నా" అనేది. మళ్ళ శుక్రవారం అక్కడనే కూసునేది.

మొన్న పుణె నుంచి ఒకాయన వచ్చిండు. నా లెక్కనే పాత చాపత్త జమ చేస్తడు. చానా రోజుల కెల్లి నల్ల కుండలది తాగిపియ్యుమని అడుగుతుండు. బాలలక్ష్మి పోయినంక నేను ఆ కుండ మూత తియ్యలే. ఆయన కోసం తీసిన. ఆయన ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "సుధాకర్ సాబ్, మాల్ ఖరాబ్ అయింది, వాసన పట్టింది" అన్నడు. ముఖం చిట్లించిండు గూడ.

నేను తాగిన. మంజులా, మీ అక్క తడి జుట్టుతోని నా ఎన్కనుంచి నడిచిపోయినట్టయింది.

నాకొక్కనికే అట్లయిందా, నిజమా అని తెలుసుకోవాలె. అందుకే నీకు పంపుతున్న. నీళ్ళు కళపెళ మరగాలె. మొదలు పోసిన నీళ్ళు పారబొయ్యి, అవి ఆకు కడిగేటందుకే. రెండోసారి పోసింది తాగు. పాలు, చక్కెర ఎయ్యకు. తాగినంక ఖాళీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకొని చూడు. ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు రాయి.

నీ బావ
సుధాకర్


జమ్మికుంట
12 జులై 2024

బావా, మంచిగున్నవా,

నీ పొట్లం చూసి మా ఆయన ఒకటే నవ్వుడు. "మీ బావ ఎండుటాకులు పంపిండు, పొయ్యిల ఎయ్యి" అన్నడు. నాకు గూడ మనసుల నమ్మకం లేకుండె. నువ్వు ఒక్కనివే ఉండి ఉండి ఏవో ఊహించుకుంటున్నవనే అనుకున్న.

మాకు చిన్న కప్పులు లేవు. స్టీలు గిలాసల పోసిన. తాగితె చెట్టు బెరడు కడిగిన నీళ్ళ లెక్క ఉన్నది, అంతకంటె ఏం లేదు. సరె, బావ చెప్పిండు గదా అని ఖాళీ గిలాస ముక్కు దగ్గర పెట్టిన.

బావా, నేను ఎన్కకు మల్లి చూసిన. నిజంగ చూసిన. మగ్గం అర్ర తలుపు కాడ, గల్మల అక్క నిలవడ్డదనే అనుకున్న. కుంకుడుకాయ నురుగు, సాంబ్రాణి, మెంతులేసి కాచిన నూనె, అన్ని ఒక్కటే సారి. మా మగ్గాలు రెండు నడుస్తుండె, ఆ చప్పుడుల నేను ఏడ్చింది ఎవ్వరికి వినవడలే. దారం తెగి మగ్గం ఆగినప్పుడు మా ఆయన వచ్చి చూసి ఏమైందని అడిగిండు. గిలాస చూపిచ్చిన. ఆయన వాసన చూసి "పొగ వాసన" అన్నడు.

అక్క డెంగీతోని దవాఖానల పడ్డప్పుడు నేను వచ్చేసరికే ఆమెకు సోయి లేకుండె. నాతోని ఒక్క మాట మాట్లాడలే. ఏడాదంతా గదే నన్ను తింటుండె. మొన్న ఆ గిలాసతోని కూసున్నంక ఆ బాధ జర సల్లవడ్డది.

పంపిన దాంట్ల ఇంక రెండుసార్లకు వస్తది. మళ్ళ పంపు బావా. కొంచెం ఎక్కువనే పంపు. నల్ల కుండను ఉల్లిగడ్డల మూటలు పెట్టే అర్రల పెట్టకు, ఆ వాసన పట్టుకుంటది.

మంజుల


ఇచ్చోడ
21 జులై 2024

మంజులా,

నీ జాబు చదివి పొద్దుందాక దుకాణంల కూసున్నగాని గిరాకి ఏమడిగిందో, నేనేం ఇచ్చిననో తెల్వదు. నాది పిచ్చి కాదు. ఆమె ఉన్నది. ఇద్దరికి తెలిసినంక అది నిజమే గదా.

ఇక్కడ వాన వదుల్తలేదు. సోయా చేండ్లల్ల నీళ్ళు నిలిచినయి. గిరాకి లేదు, నాకు గూడ దుకాణం మీద ధ్యాస లేదు. మాపటికి లైట్లు పెట్టే యాళ్ళకు షట్టర్ దించి ఇంటికి పోతున్న. వెనుక అర్ర ముందట గల్మల చాప ఏసుకుంట. లోపటికి పోను. ఆమె తల ఆరబెట్టుకుంటుంటె నేను ఎన్నడు పోలే, ఇప్పుడెందుకు పోవాలె? రెండు కప్పులు పెడ్త. ఆమెకు ఈ చాయ్ ఎన్నడు నచ్చలే, అయినా పెడ్త. మూడోసారి పోసిన నీళ్ళల్ల ఆమె చానా దగ్గరికొస్తది. మొదటిదాంట్ల పొగనే ఉంటది. రెండోదాంట్ల నూనె. మూడోదాంట్ల ఆమె మెడ ఎన్కభాగం. నీకు ఇట్ల రాయొచ్చో రాయొద్దో, కాని నువ్వు ఆమె చెల్లెవు, నీకు గాకపోతె ఎవ్వరికి చెప్పాలె. మాకు పిల్లలు గూడ లేకపోయిరి.

ఈసారి ఎక్కువ పంపుతున్న. సీసాల పోసి మూత బిర్రుగ పెట్టు. మీ ఇంట్ల మగ్గాల నూనె, గంజి వాసన బగ్గ ఉంటది. అది తగిలితె ఆమె పోతది. జర చూసి వాడుకో. నల్ల కుండల సగమే ఉన్నది. పాత చాపత్త మళ్ళ తేవొచ్చు, గీ వాసనది ఇంకెక్కడ దొరకదు.

సుధాకర్


జమ్మికుంట
10 ఆగస్టు 2024

బావా,

పంపింది ఒడిసింది.

చూసి వాడుకో అని నువ్వు రాసినవు, నేను వాడుకోలేకపోయిన. పొద్దున ఒకసారి అనుకుంట, మాపటికి మళ్ళ నీళ్ళు పెడ్త. ప్రవళిక కరీంనగర్ హాస్టల్ కెల్లి వచ్చి, "అమ్మా, ఇల్లంతా పెద్దమ్మ ఇంటి లెక్క వాసనొస్తుంది" అన్నది. ఆమెకు నేనేం చెప్పలే. ఆమెకై ఆమె అన్నది.

ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. కుండల ఉన్నదాంట్ల సగం నాకియ్యి. అక్క నీకు పెండ్లాం, ఒప్పుకుంట. కాని నీకంటె ముందు నాకు అక్క. మమ్ముల కన్న అవ్వ చచ్చిపోయినప్పుడు నాకు పాలపండ్లు గూడ ఊడలే. బాపు మగ్గం గుంతల కాళ్ళు పెట్టి కూసుంటె పొద్దుగూకేదాక లేవకపోయేది. నన్ను ఎత్తుకున్నది, తినిపిచ్చింది, బడికి తోలింది అన్ని అక్కనే. నువ్వు చిటికెడు చిటికెడు పంపి, చూసి వాడుకో అంటె నాకు ఎట్లనో అనిపిస్తుంది. మా అక్కను నేను నీ దగ్గర అడుక్కుంటున్నట్టుంది.

నువ్వు అసొంటోనివి కాదని నాకెరుకే. సగం పంపు.

నీ మరదలు
మంజుల


ఇచ్చోడ
24 ఆగస్టు 2024

మంజులకు,

నల్ల కుండలది ఒడిసింది. నువ్వు అడిగినవని మూత తీసి చూసిన, అడుగున పొడి తప్ప ఏం లేదు. నేను గూడ లెక్క లేకుండ తాగిన. ఉంటె నీకు ఇయ్యనా?

ఒంట్ల మంచిగుంటలేదు. ఎక్కువ రాస్తలేను. అంబదాస్‌ను అడిగినట్టు చెప్పు.

సుధాకర్


జమ్మికుంట
15 సెప్టెంబర్ 2024

సుధాకర్ బావకు,

అడగాల్నా వద్దా అని చానా రోజులు ఆలోచన చేసిన. అడగకుండ ఉంటె నా కడుపు మండుతది.

మా చిన్నవ్వ బిడ్డ అనసూర్య మొన్న పత్తి మార్కెట్ కాడికి వాళ్ళాయనతోని వచ్చి, మా ఇంట్ల అన్నం తిన్నది. ఆమె ఇచ్చోడల మీ ఎనుక గల్లీలనే ఉంటది గదా. "మీ బావ ఇల్లు మళ్ళ కళకళలాడుతుంది" అన్నది. ఏందే అంటె చెప్పింది. కిరాణంల నువ్వు కుంకుడుకాయలు, సాంబ్రాణి కొంటున్నవంట. మెంతులు, కొబ్బరినూనె కొంటున్నవంట. శుక్రవారం మాపటికి మీ వెనుక అర్ర కెల్లి పొగ లేస్తదంట. దండెం మీద ఆడోళ్ళ చీరె తడిగ ఆరేసి ఉన్నదంట.

నడిమిట్ల తల ఆరబెట్టుకునే మనిషెవరు బావా?

నువ్వు మళ్ళ చేసుకుంటె నేను వద్దంటనా? అక్క పోయి ఏడాది దాటింది, నీకు గిన్ని గంజి కాచిచ్చే మనిషి కావాలె, అది తప్పని నేననను. మొకం మీద చెప్పొచ్చు. అక్క కూసున్న జాగల ఇంకొకామెను కూసోవెట్టి, ఆమె కోసం కుంపటి అంటిచ్చి, ఇక్కడ నాకు ఒడిసింది అని రెండు ముక్కలు రాస్తవా? ఆ కొత్తామె పారబొయ్యుమంటె పారబోసినవా? ఆమెకు వాసన నచ్చలేదా?

మా ఆయన నన్ను ఊకె ఉండుమన్నడు. ఊకె ఉండబుద్ధి కాలే.

మంజుల


ఇచ్చోడ
23 సెప్టెంబర్ 2024

మంజులా,

నా ఇంట్ల ఏ ఆడమనిషి లేదు. మీ అక్క మీద ఒట్టు. దండెం మీదిది మీ అక్క చీరెనే. పెట్టెల ఉంటె పురుగు పడ్తదని పిండి ఆరేసిన. అనసూర్యకు చెప్పు, మా గోడ మీది కెల్లి తొంగిచూసుడు మానుమని.

అటుక మీద ఒక సీసా దొరికింది. నల్ల కుండలదే, ఎప్పుడో తీసి పెట్టి మర్చిపోయిన. అది మొత్తం పంపుతున్న. నువ్వే తాగు. ఇగ నన్నేం అడగకు.

సుధాకర్


జమ్మికుంట
6 అక్టోబర్ 2024

మా మంచి బావకు,

నిన్ను అట్ల అన్నందుకు నా నోరు పడిపోను. తిట్టు, పడ్త. అక్క మీద ఒట్టు పెట్టినంక నాకు ఇగ వేరే మాట లేదు. అనసూర్యను గూడ ఫోన్ల గట్టిగనే అరుసుకున్న.

ఈ సీసాలది నువ్వు తాగినవా బావా? తాగకుండనే పంపినవా? ఇంతకుముందుదాంట్ల అక్క గల్మ దాక వచ్చి నిలవడేది. దీంట్ల వచ్చి పక్కన కూసుంటుంది. ఇది చానా ఎక్కువ అక్క. మొదలు సాంబ్రాణి అదరగొట్టింది, జర ఘాటు గూడ అనిపిచ్చింది. తర్వాత, సల్లారినంక, గిలాస అడుగు కెల్లి రేగుపండు వాసనొచ్చింది.

నీకు ఇది తెల్వది. అక్క ఎవ్వరికి చెప్పలే, నేను గూడ మా ఆయనకు చెప్పలే. మా అవ్వ చచ్చిపోయిన చలికాలంల, జరం రాకముందు, రేగుపండ్లు బెల్లమేసి, మిరపకాయ, జీలకర్రేసి దంచి వడియాలు పెట్టింది. ఆరినంక చిన్న మట్టి గురిగిల పోసి ఉట్టిమీద పెట్టింది. తర్వాత అవ్వ పోయింది. నేను అవ్వ కావాలని రోజు ఏడిచేదాన్ని. అక్క ఉట్టి దించి ఒక్క వడియం తీసి నా నోట్లె పెట్టేది. ఆ చెయ్యితోనే నా కండ్లు, ముక్కు తుడిచేది. బెల్లం, పులుపు, అక్క చెమట, మూడు కలిసిన వాసన బావా. అవ్వ చెయ్యి అదే అని నేను నిద్రపోయేదాన్ని. అక్క మాత్రం ఒక్కటి తినలే. "నాకు పండ్లు పులుస్తయి" అనేది. ఆమె గూడ చిన్న పిల్లనే అప్పుడు. ఒడిసిననాడు గురిగిల నీళ్ళు పోసి, తిప్పి, ఆ నీళ్ళు గూడ నాకే తాపింది.

గా వాసన గిలాసల కెల్లి వచ్చింది. ఎంత సేపున్నదో తెల్వదు. మా గల్లీల బతుకమ్మ పాటలు మొదలైనయి, అందరు నన్ను పిలిచిండ్రు, నేను పోలే. గిలాస చేతుల పెట్టుకొని గట్లనే ఉన్న.

మీ ఇంట్ల అక్క రేగువడియాలు చేసేదా బావా? ఆ అర్రల ఎండబెట్టేదా?

మంజుల


ఇచ్చోడ
20 అక్టోబర్ 2024

మంజులా,

ఈ జాబు కూసొని చదువు. అంబదాస్ ఇంట్ల ఉన్నప్పుడు చదువు.

నేను పంపిన సీసాలది నల్ల కుండలది కాదు. నల్ల కుండలది ఒడవలే, ఇంక పావు వంతు నా దగ్గరనే ఉన్నది. నీకు పంచియ్య బుద్ధి కాలే. నువ్వు సగం అడిగిననాడు నాకు ఆమె సగం శరీరం కోసిమ్మన్నట్టే అనిపిచ్చింది. ఒడిసిందని రాసిన. మళ్ళ నువ్వు అడుగుతవని భయపడి, వేరేది తయారు చేసిన. నా దగ్గర ఇంకో యున్నాన్ బిళ్ళ ఉండె, మొన్న మొన్న తెచ్చింది, ఇంక పచ్చి వాసన గూడ పోనిది. దాన్ని పలగ్గొట్టి కొత్త కుండల పోసిన. వెనుక అర్రల కుంపటి పెట్టి, కుంకుడుకాయలు నానబెట్టి, సాంబ్రాణి ఏసిన. మెంతుల నూనె కాచి మీ అక్క చీరెకు రాసి కుండకు చుట్టిన. అనసూర్య చూసింది గదే. ఆమె తప్పేం లేదు. శుక్రవారం శుక్రవారం ఆ అర్రల కూసున్న మనిషిని నేనే.

నీ జాబు మొదటి సగం చదివి నాకు నవ్వొచ్చింది, చెప్పేటందుకు సిగ్గయితుంది. నేను చేసిన పొగను పట్టుకొని "ఇది చానా ఎక్కువ అక్క" అంటుందే, దీనికేం తెలుసు, బాలలక్ష్మి నాకే తెలుసు అనుకున్న. రేగుపండు అన్న జాగల నా నవ్వు ఆగిపోయింది.

నేను రేగుపండు ఎయ్యలే. మా ఇంట్ల ముప్పై ఏండ్లల్ల రేగుపండు అడుగుపెట్టలే. ఒకసారి జాతరల నేను కొని ఆమె కొంగుల పోస్తె, అట్లనే పక్కింటి కనకవ్వకు ఇచ్చింది. పండ్లు పులుస్తయన్నది. నేను ఆ మాటే నమ్మిన. మళ్ళ ఎన్నడు అడగలే. ఇది రేగుపండ్ల కాలం గూడ కాదు, ఏ అంగడిల దొరకయి.

జాబు చేతుల పట్టుకొని అర్రలకు పోయిన. కొత్త కుండ మూత తీసిన. పైన నా సాంబ్రాణి ఉన్నది. దానికింద తియ్యగ, పుల్లగ, ఒక చిన్నపిల్ల అరచెయ్యి లెక్క వాసనొచ్చింది. నాకు ఆ పిల్ల తెల్వది మంజులా. నేను ఎన్నడు చూడలే. నేను పెండ్లి చేసుకున్న మనిషి కాదు ఆమె.

అప్పుడు పరేషానై నల్ల కుండ దగ్గరికి ఉరికిన. మూత తీసి, నీళ్ళు కాచి, మూడుసార్లు పోసి చూసిన. మంచి చాయ్. మట్టి వాసన, పాత కట్టె వాసన. పుణె ఆయన ఇప్పుడు తాగితె మెచ్చుకుంటడు. ఆమె లేదు. ఆమె కోసం నేను దాచుకున్న దాంట్ల కెల్లి లేచి, నిన్ను మోసం చేసేటందుకు చేసిన దాంట్లకు పోయింది.

నన్ను ఏమన్న అను. కాని రాయకుండ మాత్రం ఉండకు.

సుధాకర్


జమ్మికుంట
5 నవంబర్ 2024

బావా,

నీ మీద కోపం వస్తదనుకున్న, రాలే. కోపం చేసేటంత తీరిక నాకు లేదు.

నీ జాబు చదివినంక గూడ తాగి చూసిన. అబద్ధమని తెలిసినంక ఏం రాదనుకున్న. ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు సాంబ్రాణి ముందుగల వస్తలేదు. నేరుగ రేగుపండే వస్తుంది. గిలాసల నీళ్ళు పొయ్యకముందే వస్తుంది.

మా ఆయన ఊకె పరేషాన్ అయితుండు. అన్నం తింటలేవు, దారం కండెలు చుట్టుతలేవు, ఎవ్వరన్న పిలిస్తె పలుకుతలేవు అంటుండు. కరీంనగర్ డాక్టర్ దగ్గరికి తోలుకపోయిండు, ఆయన రక్తం తక్కువున్నదని గోలీలు రాసిండు. అన్నం సయిస్తలేదు, నేనేం చెయ్యాలె. చాయ్ తాగితె కడుపు నిండుతుంది. ఎవ్వరితోని మాట్లాడబుద్ధి కాదు, అంతే. ఒంట్ల మంచిగనే ఉన్నది.

సీసాలది ఒడవవట్టింది. ఒడిస్తె ఏం చెయ్యాల్నో తెల్వక పొద్దుకు పదిసార్లు సీసా ఎత్తి చూసుకుంటున్న. కొత్త కుండల ఇంక ఉన్నదా? ఎంతున్నది? దాని మూత తియ్యకు బావా. నువ్వు తాగకు.

మంజుల


ఇచ్చోడ
29 నవంబర్ 2024

మంజులకు, చెల్లె లెక్క చూసుకున్న నా మరదలికి,

కొత్త కుండ అట్లనే మొత్తం పంపుతున్న. నేను ఒక్క ఆకు గూడ తియ్యలే. మూతికి గుడ్డ కట్టి, గడ్డిల పెట్టి, డబ్బల ఏసి ఆర్టీసీ కార్గోల ఏసిన. అంబదాస్‌కు ఫోన్ చేసి చెప్పిన, బస్టాండుకు పోయి తీసుకుంటడు. నువ్వు చానా బక్కగైనవని చెప్పిండు. "అన్నా, పంపకు" అని గూడ అన్నడు. నేనే ఆయనకు నచ్చజెప్పిన. మీ అక్కను నువ్వు సోయి తప్పినంకనే చూసినవు, మాట దక్కలే, ఆ కొరత నీ మనసుల ఉన్నది. కడుపునిండ తాగితె ఆ కొరత తీరుతది, తర్వాత నీ అంతల నువ్వే లేస్తవని నా నమ్మకం. నాకు అట్లనే అయింది మరి.

కార్గోల డబ్బ ఎత్తినాయన "ఏంది పెద్దమనిషి, రేగుపండ్లు అప్పుడే వచ్చినయా" అని అడిగిండు. నేను అవునన్న. చేతులు తుడుచుకొని బయటకొచ్చి మైసమ్మ గుడి మెట్ల మీద జర సేపు కూసున్న. ఏడుపు రాలే.

బాలలక్ష్మి నా దగ్గర లేదని నాకు సమజయింది. నీ నోట్లె వడియం పెట్టి తను ఉపాసమున్న పిల్ల అది. ఎవ్వరి దగ్గరికి పోవాల్నో ఆమెకెరుకే. ముప్పై ఏండ్లు నాకిచ్చింది, చాలు. నేనే ఆమెను కుండల పెట్టి మూతేసి, గల్మల కావలి కూసున్న.

వెనుక అర్రకు సున్నం కొట్టిచ్చిన. కిటికీలు తీసిన, గాలి ఆడుతుంది. మొన్న చానా రోజుల తర్వాత తైవాన్ దేశం చాపత్త, నిప్పుల మీద కాచిన పాతది, ఒకటి తీసి తాగిన. ఏ మనిషి వాసన లేదు. కాల్చిన మక్క, తేనె, చివరల రాయి నాకినట్టు ఒక సల్లదనం. చాయ్ చాయ్ లెక్క తాగి ఎన్ని రోజులైందో. పుణె ఆయనకు ఫోన్ చేసి రమ్మన్న. కంటినిండ నిద్ర గూడ పడుతుంది.

ఒక్కటి అడుగుత. మాఘంల దుకాణం సరుకు కోసం వరంగల్ పోయేది ఉన్నది. దారిల మీ ఇంట్ల ఆగుత. ఒక్క కప్పు పొయ్యి మంజులా. నేను చూడని ఆ పిల్లను ఒక్కసారి చూసి పోత. ఇంకేం అడగ.

నీ బావ
సుధాకర్


జమ్మికుంట
11 జనవరి 2025

బావా,

కుండ మంచిగ వచ్చింది. పలగలే.

నువ్వు నిద్రపోతున్నవని విని సంతోషమైంది. ఇక్కడ మగ్గాలు రెండు అమ్మినం. నూనె వాసన తగుల్తుందని నేనే అమ్ముమన్న. మా ఆయన మొదలు లొల్లి చేసిండు, తర్వాత ఒప్పుకున్నడు. ఇప్పుడు మార్కెట్ల కూలికి పోతుండు. మగ్గం అర్రలనే కుండ పెట్టుకున్న. మగ్గాల గుంతల మీద చెక్కలేసి చాప పరిచిన. తెల్లారకముందే మబ్బుల లేస్తె మళ్ళ పండుకునేదాక అక్కడనే ఉంట.

ప్రవళిక సెలవులకు వచ్చి రెండో నాడే హాస్టల్‌కు ఎల్లిపోయింది. చదువుకునేది ఉన్నదన్నది. పోయేటప్పుడు గల్మ దగ్గర నిలవడి, "అమ్మా, లోపల నీతోని ఎవరు మాట్లాడుతుండ్రు" అని అడిగింది. ఎవ్వరు లేరే అన్న. నా దిక్కు చూడకుండనే బ్యాగు ఏసుకొని ఎల్లిపోయింది. పిల్లలు ఊకెనే భయపడ్తరు. మా ఆయన మాత్రం ఇప్పుడేం అడుగుతలేడు. బయట అర్రలనే అన్నం తిని పండుకుంటుండు.

నువ్వు మాఘంల వస్తనన్నవు. రా. మా ఇంటికి రావద్దని నేనెందుకంట? అన్నం వండిపెడ్త, పండుకుందువు, మాట్లాడుకుందం. కాని కప్పు అడగకు బావా. ఒక్క చిటికెడు గూడ ఇయ్య. నువ్వు కిటికీలు తీసినవు, సున్నం కొట్టిచ్చినవు, నీకు ఇగ దేనికి? కుండ నిండుగనే ఉన్నది గదా అంటవు, కాని ఏదైన ఒడుస్తది. నాకు ఒడిసిననాడు నీ దగ్గర ఎట్ల అడుక్కున్ననో యాదికున్నది. అర్రలకు గూడ రాకు. ఆమె కొత్తోళ్ళను చూస్తె సిగ్గుపడ్తది, ఇంకా చిన్నపిల్లనే గదా.

నేను మంచిగున్న. అందరు బక్కగైనవు అంటరు గాని జుట్టు చూసి మాత్రం మెచ్చుకుంటుండ్రు, ఎంత నున్నగున్నదో అని. మధ్యాహ్నం అర్రల దువ్వెన నా ఎన్క పెట్టి కండ్లు మూసుకొని కూసుంట, అంతే. ఇప్పుడు నా తల నేను దువ్వుకుంటలేను బావా.

మంజుల